తలుపు తీసినవాళ్ళు

మైకు వస్తున్నాడంటే ముందు అతని గొంతు వస్తుంది, తరవాత అతని గొడుగు వస్తుంది, ఆ తరవాత రొప్పుకుంటూ జనం వస్తారు. అసలు పేరేమిటో ఊళ్ళో ఎవరికీ పట్టదు. కొండ మొదట్లో మాట్లాడితే కొండమీద వినిపిస్తుంది కనక మైకు. లోయలో నది మెలిక తిరిగిన చోటల్లా ఒక కొండ ఉంది, కొండ నెత్తిన ఒక పాత ఊరుంది. చూడ్డానికొచ్చిన వాళ్ళని మైకు తన వ్యానులో ఒక్కో ఊరికీ తిప్పి, అన్నిటికంటే ఎత్తైన ఈ ఊరికి చివర్లో తీసుకొస్తాడు. అప్పటికి జనానికి కాళ్ళు పీక్కుపోయి, ఏం చెప్పినా నోరు తెరుచుకు వినే స్థితిలో ఉంటారు.

ఊళ్ళోకి వెళ్ళాలంటే ఒక్కటే దారి, రాతి కమాను కిందనుంచి. ఆ కమానుని ఆనుకొనే వడ్రంగి ఇల్లు. ముందు గదిలో పని, వెనక గదిలో కాపురం. ముందు గది కిటికీ సరిగ్గా కమాను లోపలికి తెరుచుకుంటుంది. వడ్రంగి భార్య ఆ కిటికీ వెలుతురులో కూచుని కుర్చీ కాళ్ళకి ఉప్పుకాగితం రాస్తూ ఉంటుంది. మొగుడు చిత్రిక పట్టి ఇస్తాడు, ఆమె నునుపు తేలుస్తుంది. రోజూ పొద్దెక్కేసరికి ఆమె చెవి దగ్గరే మైకు మొదలుపెడతాడు.

“ఇదిగో, ఈ కమాను చూడండి. ఇందులో ఏం లేదో చెప్పండి చూద్దాం.”

ఎవరో ఒకరు తలుపు లేదంటారు. అనకపోతే మైకే అంటాడు. ఇక సాగుతుంది. చుట్టూ లోయ, ఎక్కడానికి ఒకటే దారి, కింద నది ఒడ్డున శత్రువులు డేరాలు వేసుకు కూచున్నారు. ఎన్నాళ్ళు కూచున్నా ఈ ఊరి మీద ఈగ కూడా వాలలేదు. ఎందుకని? ఇక్కడ ఏనుగు ఢీకొట్టినా చెక్కుచెదరని తలుపు ఉండేది. దానికో కాపలావాడు ఉండేవాడు.

“ఒక రాత్రి వాడు తలుపు తీశాడు.”

ఆ మాట దగ్గర మైకు గొంతు తగ్గిస్తాడు. నీళ్ళ కుండలో రాయి వేసి బుడుంగుమనే దాకా ఆగినట్టు ఆగుతాడు. అప్పుడు గొడుగు మొన కిటికీ వైపు తిప్పి, వాడి ఇల్లు ఇదేననీ, వాడి వాళ్ళే ఇంకా ఉంటున్నారనీ, ఈనాటికీ ఊళ్ళో వీళ్ళని తలుపు తీసినవాళ్ళనే అంటారనీ చెబుతాడు. తలకాయలన్నీ ఒక్కసారి కిటికీ వైపు తిరుగుతాయి. కొందరు ఫోటో తీస్తారు. మొన్నొకావిడ పక్కావిడతో, ఇంకా ఇక్కడే ఎలా ఉంటున్నారమ్మా, మనమైతే ఊరొదిలి పోయేవాళ్ళం అంది. కిటికీకీ ఆమెకీ మధ్య మూరెడు దూరం కూడా లేదు.

వడ్రంగి భార్య తల ఎత్తదు. ఉప్పుకాగితం ఆపదు. కాని ఆమె పెదాలు కదులుతుంటాయి. మైకు ఎక్కడ దగ్గుతాడో, ఎక్కడ గొడుగు నేలకి పొడుస్తాడో అంతా ఆమెకి కంఠతా వచ్చు. ఎప్పుడైనా ఈగ గురించి చెప్పడం మరిచిపోతే ఆమెకే వెలితిగా ఉంటుంది.

జనం నది ఫోటోలు తీసుకోడానికి గోడ దగ్గరికి పోగానే మైకు వీళ్ళ గుమ్మంలో కూలబడి, చెల్లెమ్మా కాసిని నీళ్ళు అంటాడు. ఆమె ఇస్తుంది. దాహానికి అడిగినవాడికి లేదంటామా.

ఆ వారంలో ఊరి సంఘం కూచుంది. సంఘానికి పెద్ద, ఊళ్ళో లాడ్జీ నడిపే ఆయన. వచ్చినవాళ్ళంతా తలుపేదీ తలుపేదీ అని అడుగుతున్నారు, పోనీ ఓ తలుపు పెట్టేస్తే సరి, పొద్దున్నే తెరుస్తాం, సాయంత్రం మూస్తాం, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. అందరూ ఔనన్నారు. ఊళ్ళో వడ్రంగి ఒక్కడే. తండ్రి నాటి మందపాటి టేకు పలకలు అటక మీద ఎండి ఎండి రాయిలా ఉన్నాయి. వాటిని కుర్చీలకీ బల్లలకీ కొయ్యడానికి వడ్రంగికి ఏనాడూ మనసొప్పలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అతను నోరు తెరిచి, పలకలున్నాయి, నేను చేస్తానండి అన్నాడు. పుట్టి బుద్ధెరిగి అతను సభలో మాట్లాడింది అదే మొదలు.

వెనకనుంచి ఎవడో, వాళ్ళ చేతికా తలుపు, మళ్ళీ తీసేస్తారేమో అన్నాడు. సభంతా గొల్లుమంది. లాడ్జీ ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే, పట్నంలో పెద్ద కార్ఖానా ఉంది, అక్కడ చేయిద్దాం, మోసి నిలబెట్టేటప్పుడు నువ్వూ ఓ చెయ్యి వెయ్యి అని తేల్చేశాడు.

వడ్రంగి ఇంటికొచ్చి చెప్పినదంతా ఇంతే. చెప్పి, బల్ల మీద సగంలో ఆగిన పని అందుకున్నాడు.

“నువ్వేం చేశావు?” అంది భార్య.

“నేనూ నవ్వాను.”

“నువ్వూ నవ్వావా?”

“అందరూ నవ్వుతుంటే ఏం చెయ్యను మరి?”

ఆమెకి కడుపు మండిపోయింది. కార్ఖానా వాడి మీద కాదు, లాడ్జీ ఆయన మీద కూడా కాదు. మొగుడు ఆ నవ్వులో నవ్వు కలిపాడని తలుచుకుంటే ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇంటి తలుపు ధడాలున వేద్దామనుకుంది. అది వెయ్యాలన్నా రెండు చేతులతో పైకెత్తి వెయ్యాలి. పుచ్చిన చెక్కల మీద రేకు ముక్క కొట్టిన తలుపు అది. ఎవరైనా నవ్వితే, వడ్రంగి ఇంటి తలుపు అంతేలెండి అంటాడు అతను.

అత్తగారు మూల కూచుని వంకర మేకుల్ని రాతి మీద పెట్టి చిన్న సుత్తితో తిన్నగా చేస్తోంది. చూపు మందగించినా ఆ పని మాత్రం మానదు. వేళ్ళతో తడిమి వంపు కనిపెడుతుంది.

“అత్తా, మన పెద్దలెవరో నిజంగా శత్రువులకి తలుపు తీశారా?”

“తీశాడనే అనేవాళ్ళు మా అత్త. ఎవరికి తీశాడో, ఎందుకు తీశాడో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.” అత్తగారు మేకుని గోటితో మీటి చూసింది. “ఉక్కపోసి తీసుంటాడు.”

మర్నాడు మైకు నీళ్ళకొచ్చినప్పుడు ఆమె గ్లాసు చేతికివ్వకుండా పట్టుకు నిలబడింది.

“మైకన్నా, ఆ శత్రువులు ఎక్కణ్ణించి వచ్చారు?”

“ఏ శత్రువులు?”

“నువ్వు రోజూ నది ఒడ్డున కూచోబెట్టేవాళ్ళు.”

మైకు పకపకా నవ్వాడు. కమానన్నాక, గోడలన్నాక శత్రువులు లేకుండా ఎలా ఉంటారు చెల్లెమ్మా అన్నాడు. మొదట్లో తను ఇక్కడికొచ్చి ఇది పాత కమాను, ఇవి పాత రాళ్ళు అని ఉన్నదున్నట్టే చెప్పేవాడట. జనం ఆవలించేవాళ్ళు. ఒకరోజు మీ ఇంటిని అలా పిలవడం చెవిన పడింది, పేరులోనే కథుంది, నేను వండలేదు, వడ్డించానంతే అన్నాడు.

“మా మొహాన వడ్డించావు. నీ కథ ఇప్పుడు ఊరు కూడా నమ్ముతోంది. నిప్పు లేనిదే పొగ రాదంటున్నారు. మా ఆయనకి ఆ తలుపు పని పోయింది.”

మైకు నవ్వు ఆగింది. చెడ్డవాడు కాదు. పాపం, నవ్వులాటకి చెప్పింది ఇంతదాకా వస్తుందనుకోలేదన్నాడు. కాని ఏం చెయ్యను, మంచివాడి కథ ఎవడు వింటాడు, మెట్లెక్కి వచ్చినవాడికి గుర్తుండేది ఒకటి చెప్పాలి కదా అన్నాడు. నీ దగ్గర ఇంతకంటే మంచిది ఉంటే చెప్పు, రేపే మార్చేస్తానన్నాడు.

ఆమె దగ్గర లేదు. గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి పోయింది.

ఇది జరిగిన కొన్నాళ్ళకి, ఒక పొద్దున గొంతు లేకుండా గొడుగు ఒక్కటే వచ్చింది. వెనక జనం వచ్చారు. మైకు మెడకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, కమాను కింద నిలబడి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మంచులో తిరిగి తిరిగి గొంతు పూర్తిగా పోయింది. కిందటి రెండు ఊళ్ళలోనూ చేతులూపి నెట్టుకొచ్చాడు. ఇక్కడ చేతులకి లొంగే కథ కాదు. జనం అప్పుడే ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

మైకు కిటికీ దగ్గరికొచ్చి గుసగుసగా, చెల్లెమ్మా, నువ్వు చెప్పు అన్నాడు.

“నేనా? మమ్మల్ని మేమే తిట్టుకోవాలా?”

“నీకు కంఠతా వచ్చు. కిటికీలో నీ పెదాలు కదలడం నేను చూళ్ళేదనుకున్నావా? ఈ ఒక్కరోజూ నా పరువు కాపాడు తల్లీ.”

ఎందుకు ఒప్పుకుందో ఆమెకే తెలీదు. చేతులకంటిన చెక్కపొడి చీరకి తుడుచుకుని బయటికొచ్చింది. మైకు నిలబడే చోట నిలబడింది. అక్కణ్ణించి చూస్తే తన కిటికీ ఎంత చిన్నదో, ఎంత చీకటిదో మొదటిసారి కనిపించింది. లోపల ఎవరైనా ఉంటే దొంగల్లాగే కనిపిస్తారు.

ఇదిగో ఈ కమాను చూడండి అంది. మైకు మాటలే, మైకు దగ్గే. నది ఒడ్డుకి రాగానే శత్రువులు కూచోవాలి. ఆమె వాళ్ళని కూచోబెట్టలేకపోయింది. ఆ ముక్క మింగేసి, ఇక్కడో పెద్ద తలుపుండేదనీ, దానికో కాపలావాడుండేవాడనీ చెప్పుకుపోయింది.

“ఒక రాత్రి ఆయన తలుపు తీశాడు.”

మైకు ఆగే చోట ఆమె కూడా ఆగింది. అలవాటు అలాంటిది.

మెట్టు మీద చేతికర్ర పెట్టుకు కూచున్న ఒక ముసలావిడ తల పైకెత్తి, “తీసి ఎక్కడ పెట్టాడమ్మా?” అంది.

కొందరు నవ్వారు. వెంట వచ్చిన కూతురు కాబోలు, తియ్యడమంటే తెరవడమమ్మా అంది చిన్నగా. ముసలావిడ ఒప్పుకోలేదు. తెరిస్తే తెరిచిన తలుపు అక్కడే ఉండాలి కదా, ఏదీ, ఊడదీస్తేనే కదా లేకుండా పోయేది అంది.

వడ్రంగి భార్య తల పైకెత్తి చూసింది. కమాను పై రాతిలో రెండు వైపులా తలుపు కొయ్యలు తిరగడానికి తొలిచిన గుంటలున్నాయి. ఎవరో పగలగొట్టినట్టు లేవు. అంచులు నున్నగా ఉన్నాయి. కాపురానికి వచ్చిన నాటినుంచి వాటి కిందనుంచే తిరుగుతోంది. తీశాడు. అదే మాట. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

“నది మీద పెట్టాడు,” అంది.

తన నోటినుంచే వచ్చిందని ఆమెకి ఆ తరవాత తెలిసింది. ఇక ఆగడానికి లేదు. వరద వచ్చిందనీ, అవతలి ఒడ్డున పొలాల్లో ఉన్న జనం మిట్ట మీద చిక్కుకుపోయారనీ, ఉన్న పడవ కొట్టుకుపోయిందనీ చెప్పింది. ఊళ్ళో మనుషుల్ని మోసేటంత వెడల్పు చెక్క ఈ తలుపొక్కటే. తలుపు లేని ఊరు ఊరవుతుందా, రేపు మన గతేం కాను అని పెద్దలు వద్దన్నారు. ఆయన వినలేదు. గుంటల్లోంచి ఎత్తి, తలుపు తీసి, ఈ మెట్లమీదనుంచే కిందికి దింపాడు.

“ఎంతమందిని దాటించాడు?” అని ఎవరో అడిగారు.

“అందర్నీ.”

“మరి ఆయన?” అంది ముసలావిడ.

“ఆయన వచ్చాడు. తలుపే రాలేదు.”

ఈసారి ఒక్క తలకాయ కూడా కిటికీ వైపు తిరగలేదు. అందరూ కిందికి చూశారు. నది ఎండలో గోధుమరంగుగా, ఏమీ ఎరగనట్టు మెలిక తిరిగి పోతోంది. గోడకి కాలు తన్నిపెట్టి నిలబడ్డ ఒకతను కాలు తీసేశాడు. ముసలావిడ లేచి వెళ్ళేటప్పుడు వీళ్ళ గోడని అరచేత్తో తట్టింది. మైకు గొడుగు పట్టుకుని, పైకెత్తడం మరిచిపోయి నిలబడ్డాడు.

వడ్రంగి భార్య లోపలికొచ్చి పీట మీద కూచుంది. సంతోషంగా ఉంది, భయంగా కూడా ఉంది.

వడ్రంగి చిత్రిక ఆపి అంతా విన్నాడు. “అంత ఇనుము కొట్టిన తలుపు తేలదే,” అన్నాడు.

“కథలో తేలుతుంది.”

“నిజంగా మనవాళ్ళు అలా చేశారంటావా?”

“చెయ్యలేదని నీకు తెలుసా?”

“తెలీదు.”

“అయితే ఊరుకో.”

మూలనుంచి అత్తగారు, అదేనేమోనే, మా అత్త ఎప్పుడూ నది వైపే చూస్తూ కూచునేది అంది.

మైకు గొంతు తిరిగొచ్చింది. మాట ప్రకారం కథ మార్చేశాడు. మార్చడమంటే మామూలుగానా! వానలు పెట్టాడు, ఉరుములు పెట్టాడు, తలుపు మీద మొదట పసిబిడ్డ తల్లిని ఎక్కించాడు, ఆఖరి విడతలో ఒక ఆవుని కూడా దాటించాడు. గోరంతని కొండంత చెయ్యడం అతనికి కొత్త కాదు. ఆవు సంగతి విని వడ్రంగి భార్య కిటికీలో నవ్వు ఆపుకోలేకపోయింది. కాని జనం మెట్లమీద నిశ్శబ్దంగా నిలబడుతున్నారు. కొందరు వెళ్ళేటప్పుడు కిటికీలోకి తొంగిచూసి తల వంచి పోతున్నారు.

ఊరు కూడా మెల్లగా తిరిగింది. నిప్పు లేనిదే పొగ రాదన్నవాళ్ళే, మా తాత వరద సంగతి చెబుతుండేవాడు అనసాగారు. కొట్టులో ఆమెని చూసి, తలుపు తీసినవాళ్ళ కోడలు వచ్చింది, ముందు ఆమెకివ్వండి అన్నారు. మాట అదే. నిన్నటిదాకా మొహాన ఉమ్మినట్టుండేది, ఇప్పుడు దండ వేసినట్టుంది. లాడ్జీ ఆయన మనిషి వచ్చి, పట్నం కార్ఖానాకి ఇంకా ఏమీ చెప్పలేదు, తలుపు విషయం మళ్ళీ ఆలోచిద్దామని అయ్యగారు అన్నారని చెప్పి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే వడ్రంగి అటకెక్కాడు. పలకలు ఒక్కొక్కటీ దించి గోడకి ఆనించాడు. దుమ్ము దులిపి, అరచెయ్యి వేసి పొడుగునా రాశాడు. పొద్దున్నే, జనం రాకముందు, తాడు పట్టుకెళ్ళి కమాను వెడల్పు కొలిచి వచ్చాడు. ఇంకా ఎవరూ చెయ్యమనలేదు కదా అంటే, చిత్రిక పడితే తప్పేముందిలే, చెక్క ఎలా ఉందో చూద్దామని అన్నాడు. చూస్తూ చూస్తూ అన్నిటికీ పట్టేశాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా గదంతా పరుచుకుంది. పని చేస్తూ అతను ఈల వేశాడు. అతనికి ఈల వెయ్యడం వచ్చని ఆమెకి ఇన్నేళ్ళుగా తెలీదు.

మైకు కృతజ్ఞత కొద్దీ, చెల్లెమ్మా, పుట్టినప్పట్నుంచీ ఈ లోయలోనే ఉన్నావు, ఒక్కసారైనా చుట్టూ తిరిగి చూశావా, రేపు వ్యానులో రా అన్నాడు. ఆమె పట్నానికి అడ్డదారిన వెళ్ళిరావడమే కాని, నది వెంట ఎప్పుడూ పోలేదు. వెళ్ళింది. ముందు సీట్లో కూచోబెట్టాడు.

లోయ అంత అందంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేది కాదు. మలుపు తిరిగినప్పుడల్లా నది ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు వస్తుంది. రాళ్ళ దగ్గర నురగ కక్కుతుంది, ఇసుక దగ్గర నిద్రపోతుంది. పైన కొండల మీద ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూచున్నట్టున్నాయి. దూరాన తన ఊరు కూడా కనిపించింది. కమాను సూదిబెజ్జమంత ఉంది. ఆమె చిన్నపిల్లలా వేలు పెట్టి చూపించింది.

రెండో ఊళ్ళో వీధి చివర ఒక మేడ ఉంది. పైన పిట్టగోడ లేదు, కింద లోయ. మైకు గొడుగు పైకెత్తాడు. దీన్ని మొగుణ్ణి తోసిన మేడ అంటారన్నాడు. ఆ ఇల్లాలు ఎంత గయ్యాళో, మొగుడు ఎంత మెతకో, చివరిసారి అన్నం పెట్టి మరీ ఎలా తోసిందో, పడుతూ పడుతూ మొగుడు పొయ్యి ఆర్పావా అని ఎలా అడిగాడో చెప్పాడు. ఆ పొయ్యి మాటకి జనం విరగబడి నవ్వారు. వడ్రంగి భార్యకి కళ్ళవెంట నీళ్ళు వచ్చేలా నవ్వొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ పైకి చూసింది.

మేడ కిటికీలో కుట్టుమిషను ముందు ఒకామె కూచుని ఉంది. మిషను ఆగలేదు. ఆమె తల ఎత్తలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

వడ్రంగి భార్య నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

వ్యాను ఎక్కాక, ఆ కిటికీలో ఎవరు అని అడిగింది. ఎవరో బట్టలు కుట్టుకునే ఆవిడ అన్నాడు మైకు.

“నీకు మంచినీళ్ళు ఇస్తుందా?”

“ఇస్తుంది పాపం.”

“ఎవరైనా తోశారా అక్కణ్ణించి నిజంగా?”

“ఎవరో పడ్డారట. తోశారో, జారారో.” మైకు రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. “అందరికీ నీలాంటి నోరుండదు కదా చెల్లెమ్మా.”

పొగిడానని అనుకున్నాడు అతను. ఆమె అద్దంలోంచి నది వైపు తల తిప్పుకుంది. దిగి వెనక్కి వెళ్ళి ఆ కుట్టే ఆవిడతో ఒక్క మాట మాట్లాడాలనిపించింది. ఏం మాట్లాడాలో తెలీలేదు. వ్యాను ఆపమని అడగలేదు.

ఇంటికొచ్చేసరికి లాడ్జీ ఆయన ముందు గదిలో, ఆమె పీట మీదే కూచుని ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ గడప తొక్కలేదు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు కూడా. వడ్రంగి పలకల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

లాడ్జీ ఆయన ఎంతో మర్యాదగా చెప్పాడు. సంఘం కూచుందట. అందరూ ఒక్కమాటగా తీర్మానించారట. ఆ కమానుకి తలుపు పెట్టకూడదని.

“తలుపు పెట్టేస్తే ఇక చూపించడానికి ఏముందమ్మా? ఆయన వచ్చాడు, తలుపే రాలేదు అని నువ్వే కదా అన్నావు. ఆ మాటకి జనం ఏడుస్తున్నారు. ఆ ఖాళీయే మన ఊరికి పేరు. మీ వంశానికి గౌరవం. అది అలాగే ఉండాలి.”

“మంచిదండి,” అన్నాడు వడ్రంగి.

ఆయన పలకల్ని చూసి, చక్కటి చెక్క, బల్లలు చేసుకో, లాడ్జీకి రెండు తీసుకుంటానన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆమె పొట్టులో కూచుండిపోయి ఏడ్చింది. “నా నోటితో నేనే పోగొట్టాను. తిట్టు తిట్టుగానే ఉంచేసినా, ఏదో ఒకనాడు చేయించేవాళ్ళేమో. తలుపు రాలేదని ఎందుకన్నాను? వచ్చిందంటే పోయేదిగా!”

“ఊరుకోవే. బాగా చెప్పావు,” అన్నాడు అతను. పలక మీద పెన్సిలుతో తను గీసుకున్న గీతని బొటనవేలితో రుద్దాడు. అది పోలేదు.

మర్నాడు రంపం తీశాడు. ఆమె వద్దంది, ఇంకొన్నాళ్ళు అటక మీద ఉండనిమ్మంది. ఇంకెవరి కోసం అన్నాడు. కమాను కొలతకి గీసిన గీతలు వదిలేసి, వాళ్ళ ఇంటి గుమ్మం కొలతకి కొత్త గీతలు గీశాడు. రంపం పలకలోకి దిగుతుంటే ఆమె అక్కడ నిలబడలేక వెనక గదిలోకి వెళ్ళిపోయింది. చిత్రిక అతనిదే, ఉలి అతనిదే. నునుపు మాత్రం ఆమె చేత చేయించాడు. ఊరి తలుపుకి ఎంత మందం ఉండాలో అంతే మందం ఉంచాడు. అత్తగారు తిన్నగా చేసిన మేకులన్నీ వాడాడు. పాత రేకు తలుపు పీకేసి, కొత్తది నిలబెట్టి, మడతబందులు బిగించి, ఒక్క వేలితో తోశాడు. తలుపు చప్పుడు లేకుండా వెళ్ళి గుమ్మంలో కూచుంది. ఆమె కిటికీ రెక్కలు కూడా మూసింది. లోపల అంత నిశ్శబ్దం అంతకుముందెప్పుడూ లేదు. అత్తగారు చెయ్యి చాచి, ఏమైందర్రా అంది.

పొద్దెక్కాక మైకు వచ్చాడు. గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. వాన, ఉరుములు, తల్లీబిడ్డా, ఆవూ అన్నీ అయ్యాక తలుపు మీద చప్పుడైంది.

“చెల్లెమ్మా, వీళ్ళు నిన్ను ఒక్కసారి చూస్తారట. కాస్త తలుపు తియ్యి.”

ఆమె లేచి వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. కుట్టుమిషను ముందు వంచిన తల గుర్తొచ్చింది. తను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. చెయ్యి అలాగే ఉంచి నిలబడింది. మైకు మళ్ళీ పిలిచాడు. ఆమె గడియ తియ్యలేదు.

తరవాత మైకు గొంతు తగ్గించి చెబుతున్నాడు.

“తియ్యరండీ. ఆనాడు ఒక్కసారి తీశారు, తీసిన తలుపు తిరిగి రాలేదు. అప్పట్నుంచి ఎవరొచ్చి అడిగినా ఈ ఇంట్లో తలుపు తియ్యరు.”

జనం అయ్యో అన్నారు. ఫోటోలు తీసుకున్నారు. అడుగులు ఒక్కొక్కటిగా గోడ వైపు, నది వైపు కదిలాయి.

కిటికీ మూశాక వెలుతురు చాలక పని వెనక గదిలో పెట్టుకున్న వడ్రంగి ఆ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఉలి ఉంది.

“తలుపు గురించి ఏమన్నా అన్నారా?” అని అడిగాడు.

ఆమె చెవి చెక్కకి ఆనించి మరికాస్త విన్నది.

“చాలా బాగుందంటున్నారు,” అంది. “ఎవరు చేశారని అడుగుతున్నారు.”

అతను తల ఊపి, లోపలికి వెళ్ళి, ఆగిన పని అందుకున్నాడు. కాసేపటికి ఈల వినిపించింది. బయట ఎవరూ లేరు.